పదకొండు రోజుల కాలు

వ్యాను మూత కింద నల్ల కంచుడు లెక్క ఉంటదే,
అండ్ల రబ్బరు చినిగిందట.
జాంగీర్ పానతోని రెండు దెబ్బలు కొట్టి
చెవి ఆనిచ్చి ఇన్నడు.
"అక్కా, బ్రేకు ఉన్నది. సాయమే లేదు."

ఇంజను పీల్చే ఊపిరిల కొంత
ఇన్నేండ్లు నా పాదానికి అప్పిచ్చిందట ఆ డబ్బ.
నేను ఏలు ఆనిస్తే
అది చెయ్యి ఏసి నూకేదట.
నాకేం తెలుసు,
బండి ఆగేది నా బలంతోనే అనుకున్న.

కొత్తది పట్నం నుంచి రావాలె, పాత మోడలు, దొరుకుడు కష్టం.
పెండ్లిళ్లు ఆగుతయా?
ఊపిరి పైపు మూతికి పన్నెండు నంబరు బోల్టు కుక్కి
క్లిప్పు బిగించిండు.
"గేరుల ఉండు. దూరంకెల్లే తొక్కు.
న్యూట్రల్ చేసి దిగినవనుకో,
నన్ను తిట్టుకునే టైము గూడ దొరకది."

అచ్చంపేట బస్టాండు మూల మీద మొదటిసారి తొక్కిన.
రాయి.
ఇంకింత తొక్కిన. రాయే.
సోడబండి ముసలాయన నా మొకం చూసి
బండి పక్కకు గుంజుకున్నడు.
రెండు జానల ఇవుతల ఆగింది.
ఎన్కల దేగిశలు మాత్రం ఆగలే,
చానసేపు ఒకదాన్లొకటి గునుసుకున్నయి.

పదిహేనేండ్లు కుట్టుమిషిని తొక్కిన కాలు ఇది.
మడిమె లేపుడు, మునివేళ్లు దించుడు,
నిద్రల గూడ ఆడేది.
జాకెట్టు చేతులు, లంగా అంచులు,
అంతకన్న బరువు దానికి ఎవ్వలు చెప్పలే.
ఇప్పుడు ఎనిమిది దేగిశలు, నలభై కుర్చీలు,
షామియానా గుంజలు,
మా ఆడిబిడ్డ కొడుకు హనుమయ్య నిద్ర,
అన్ని వచ్చి ఒక్క పాదం మీద కూసున్నయి.

సీటు రెండు గాట్లు ముందలికి జరిపిన.
ఈపు దన్ను పెట్టి, తుంటితోని తొక్కుడు నేర్చిన.
దూరం చూసుడు నేర్చిన.
రోడ్డు దాటాల్నా వద్దా అని
మేక ఇంక మనసుల అనుకోకముందే
నా కాలు పెడలు మీదికి పోయేది.
ముందల ఆటో ఎర్రలైటు ఎలిగినంక తొక్కితే
అది ఎన్కటి మాట.

తొమ్మిదోనాడు, మన్ననూరు లగ్గం నుంచి మర్లొస్తున్నం.
రాత్రి ఒంటిగంట, అడివి దిగుడు.
సెకండు గేరుల ఇంజను మూలుగుతున్నది.
మలుపు తిరుగంగనే నడిరోడ్ల ఏదుపంది.
సీట్లకెల్లి లేసి నిలవడ్డ.
నిజంగ నిలవడ్డ, నెత్తి టాపుకు కొట్టుకున్నది.
ఎవ్వలు చెప్పకుండనే
హనుమయ్య చెయ్యి హ్యాండుబ్రేకు మీదున్నది,
ఎప్పుడు లేసిండో.
"గుంజాల్నా అత్తా?"
"వద్దు."
ఆగింది.
ఏదుపంది ముండ్లు గలగల ఆడిచ్చి
మా దిక్కు గూడ చూడకుండ
తన తొవ్వ తను పట్టుకపోయింది.
నా పిక్క చానసేపు వణికింది.
భయంతో అనుకున్నడు పోరడు. కాదు.

పదకొండోనాడు డబ్బ వచ్చింది.
జాంగీర్ బిగించి తాళం చేతికిచ్చిండు.
నేను అలవాటైన తొక్కుడు తొక్కిన.
వ్యాను మేకు కొట్టినట్టు అక్కడికక్కడ నిలవడ్డది.
దేగిశలు ముందలికి దుంకినయి,
హనుమయ్య నొసలు అద్దానికి తాకింది.
పెడలు కింద మల్ల ఆ సప్పుడు,
ఉస్సుమని, ఎవలో పక్కన కూసోని
పోనీ తీయి అన్నట్టు.
జాంగీర్ కడుపు పట్టుకోని నవ్విండు.
"ఇగ కాలు మర్సిపోవాలె అక్కా!"

బోల్టు అడిగి తెచ్చుకున్న.
చిల్లర పైసల డబ్బల ఏసిన.

తెల్లారి పక్కింటి చెన్నమ్మ జాకెట్టు ముందలేసుకోని
మిషిని తొక్కిన.
మొదటి తొక్కుకే దారం తెగింది.
సూదిల మల్ల ఎక్కిచ్చిన.
మల్ల తెగింది.